కోరని గర్భము: మత్లబు గ్రామముల పాఠము

పేదదేశముల స్త్రీలు బిడ్డలు చాలునని తలంపరనియు, చదువును సంపదయు కలిగిన పిదపగాని వారు సంతాన నియమమును పాటింపరనియు విద్యాధికులలో ఒక నమ్మకము చిరకాలముగా నున్నది. చదువును సంపదయు వలదని మేమనము. కాని అవి వచ్చువఱకు వేచియుండుడని తల్లులతో చెప్పుట న్యాయమా? ఈ ప్రశ్నకు బంగ్లాదేశములోని మత్లబు గ్రామములు దాదాపు అర్ధశతాబ్దము క్రిందటనే సమాధానము చెప్పినవి.

మత్లబు ఢాకా నగరమునకు ఆగ్నేయముగా, మేఘనానదీ ప్రాంతమున నున్న పల్లపుభూమి. కలరా పరిశోధనకై ఢాకాలో నెలకొల్పబడిన సంస్థ యొకటి 1963లో అచ్చట కేంద్రమును తెఱచి, 1966 మొదలు ఇంటింటి జననమరణములను లెక్క వ్రాయించుచు వచ్చినది. అందుచే ఆ గ్రామములందు ఏ మార్పు వచ్చినను లెక్కకు దొరకును.

1975లో ఆ సంస్థవారు గర్భనిరోధక మాత్రలను, తొడుగులను ఇంటింటికి పంచిపెట్టించిరి. పంచినవారిలో చాలమంది చదువులేని వయోవృద్ధలు. మొదట పలువురు స్త్రీలు మాత్రలు గైకొనిరి. కొంతకాలమునకే అనేకులు మానివేసిరి. మాత్ర పడక తల తిరిగినను, రక్తస్రావమైనను ఏమి చేయవలయునో చెప్పగల మనిషి వారికి లేకపోయెను. ఇంతటితో ఆగియుండినచో, ఈ స్త్రీలకు అక్కఱ లేదని లోకము తేల్చివేసియుండును.

వారాగలేదు. 1977 అక్టోబరులో పద్ధతిని మార్చిరి. 149 గ్రామములలో 70 గ్రామములకు 80 మంది యువగృహిణులను నియమించిరి. వీరు కొంత చదువుకొన్నవారు, ఆయా యూళ్లవారు, తామును గర్భనిరోధక సాధనములను వాడుచున్నవారు. రెండువారముల కొకసారి వీరు ప్రతియింటికి పోవుచుండిరి. పరదాలోనున్న యిల్లాలు గడప దాటవలసిన పని లేదు. మాత్ర పడనియామెకు సూదిమందు. బాధ కలిగినయామెకు ఓదార్పును, వైద్యమును. పిమ్మట క్రమముగా ధనుర్వాతపు టీకాలు మొదలగు శిశుసంరక్షణ కార్యములును ఈ సేవలో చేరినవి. రెండేండ్లలోపలనే సాధనములు వాడువారు నూటికి 7 నుండి 30కి పైబడిరి. తక్కిన 79 గ్రామములందు అట్టి వృద్ధి కానరాలేదు. జనులొక్కటే, పేదఱికమొక్కటే, గడపకు మరల మరల వచ్చిన మనిషియే భేదము.

ఇంచుమించుగా ఆ కాలముననే, 1976లో, మనదేశమున లక్ష్యసంఖ్యలు విధించి, బలవంతముగా శస్త్రచికిత్సలు చేయించి, ప్రజల విశ్వాసమును పోగొట్టుకొనిన సంగతి పాఠకులెఱుగుదురు.

శాసనము మాట చూతము. గర్భవిచ్ఛిత్తిని శిక్షించుటకు బంగ్లాదేశమున నేటికిని నిలిచియున్నది 1860 నాటి ఆంగ్లేయుల శిక్షాస్మృతియే. ఆ స్మృతియే మనకును ఉండగా, 1971లో మన పార్లమెంటు దానికి మినహాయింపులు కల్పించెను. శిక్షకు వెఱచి కోరని గర్భమును మోసినవారు కొందఱు. నాటువైద్యము నాశ్రయించి ప్రాణములు పోగొట్టుకొన్నవారు కొందఱు. 1979 నుండి అచ్చటి ప్రభుత్వమే, శాసనమును మార్చకయే, ఋతుక్రమ నియంత్రణమను పేర తొలివారములందు వైద్యసహాయమును అనుమతించెను. ఇంటింటి సేవ గల గ్రామములలో గర్భవిచ్ఛిత్తులు తక్కిన గ్రామములకంటె తక్కువయని 2001లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడిన పరిశీలన తెలిపెను. శాసనము చేయలేని పనిని సేవ చేసినది.

అయినను ఒక సత్యమును మఱువరాదు. గర్భములు తగ్గినచో ప్రసూతి మరణముల సంఖ్య తగ్గును. కాని గర్భవతియైన స్త్రీకి గల అపాయము తగ్గవలెనన్న శిక్షితురాలగు మంత్రసానియు, రక్తమును, ఆస్పత్రియు వలయును. దీనిని గ్రహించియే 1987లో మత్లబున మంత్రసానులను నియమించిరి. బంగ్లాదేశమంతటను లక్ష సజీవజననములకు 2001లో 322గా నున్న తల్లుల మరణములు 2010 నాటికి 194కు దిగినవి. అపాయకరములగు కాన్పులు తగ్గుటయు, వైద్యము చేరువగుటయు రెండును దీనికి కారణములే.

మన పాఠకులలో వైద్యులు, న్యాయవాదులు, ఉద్యోగులు పెక్కుమంది గలరు. ఆఱవ కాన్పునకు వచ్చిన పేదతల్లిని చూచి, ఈమెకు బుద్ధి లేదా యని మనలో ఎవ్వరికైనను తోచినప్పుడు, మొదట అడుగవలసిన ప్రశ్న వేఱొకటి గలదు. ఆమె గుమ్మమునకు ఎవరు పోయిరి? మాత్ర యిచ్చి వచ్చినవారు, అది పడినదా యని కనుగొనుటకు మరల పోయిరా?