పిల్లల ఆటలు - శారీరక వ్యాయామం (నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం)

నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాలలోను, వాటి చుట్టుపక్కల పల్లెలలోను ఒకప్పుడు పిల్లలకు వ్యాయామం వేరుగా నేర్పవలసిన విషయంగా ఉండేది కాదు. వీధి, కళ్లం, చెరువుగట్టు, బావి ఆ పనిని చేసిపెట్టేవి. ఇవి ఒక్కొక్కటిగా పిల్లలకు దూరమవడంతో, వారిని ఆటలకు మళ్లించడం పెద్దలు పూనుకొని చేయవలసిన పని అయినది. ఈ ప్రాంతపు ఆటలు, అవి తగ్గడానికి కారణాలు, పిల్లలను ప్రోత్సహించే పద్ధతులు ఈ వ్యాసంలో వివరించబడినవి.

నేల, ఎండ

ఈ రెండు పట్టణాలు తూర్పున నల్లమల, పడమట ఎర్రమల కొండల నడుమ కుందూ నది లోయలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లాను విభజించి ఏర్పరచిన నంద్యాల జిల్లాలోనివి. ఇక్కడి పొలాలు చాలావరకు నల్లరేగడి. ఈ నేల వానకు కాలు తీయనివ్వని బురద అవుతుంది, వేసవిలో పాదం ఇరుక్కునేంత నెర్రెలు విచ్చుతుంది. అందువలన పాఠశాలకు ఖాళీస్థలం ఉన్నంత మాత్రాన అది ఆటస్థలం కాదు. దానిపై గరుసు తోలి చదును చేయించి, నీరు పోయే దారి తీయించాలి. ఎండ సంగతి చెప్పనక్కరలేదు. ఏప్రిల్, మే నెలలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి ఆ రోజులలో ఉదయం ఎండ ముదరక ముందు, సాయంత్రం పొద్దు వాలిన తరువాత మాత్రమే పిల్లలను ఆడించడం క్షేమం.

సంప్రదాయ ఆటలు

మగపిల్లలు ఎక్కువగా ఆడేది చెడుగుడు. కూత ఆపకుండా ఎదుటి జట్టులోకి వెళ్లి, అంటి, తిరిగి రావాలి. ఊపిరి బిగబట్టడం, ఒడుపుగా తప్పించుకోవడం, పట్టుబడితే బలంకొద్దీ గీత వైపు జరగడం ఒకే ఆటలో అలవడతాయి. ఇదే కబడ్డీ పేరుతో 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో పతక పోటీగా చేరినది. పల్లెలో దీనికి కావలసినది గీత గీయడానికి ఒక పుల్ల మాత్రమే.

బిళ్ళంగోడుకు చిల్లాకట్టె, కర్రాబిళ్ళ అని ఊరికొక పేరు. రెండువైపులా చెక్కిన చిన్న బిళ్ళను కర్రతో పైకి లేపి, గాలిలో ఉండగానే కొట్టడంలో కంటికి, చేతికి పొందిక కుదురుతుంది. (బిళ్ళ కంటికి తగిలే ప్రమాదం ఉన్నందున చుట్టూ నిలబడినవారు దూరంగా ఉండాలి.) ఏడుపెంకులాటలో గురి, పరుగు రెండూ ఉన్నాయి. కోతికొమ్మచ్చికి చింతచెట్టో వేపచెట్టో కావాలి. ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ, తాడాట, కుంటుడాట ఆడేవారు. ఒంటికాలిపై గెంతడం ఎముకలకు మంచి బలమిచ్చే వ్యాయామమని నేటి వైద్యులు చెబుతున్నారు. అచ్చనగాయలు, వామనగుంటలు కూర్చుని ఆడేవి కనుక ఈ వ్యాసపు పరిధిలోకి రావు.

ఈ ఆటలలో వయోభేదం లేదు. బాగా చిన్నవాడిని "ఆటలో అరటిపండు" అని చేర్చుకునేవారు. వాడు ఓడినా ఓడినట్లు కాదు, కానీ పెద్దవారితోపాటు పరుగెత్తుతాడు. ఆట చేతకాని పిల్లవానిని ఆటలో నిలబెట్టడానికి ఇంతకు మించిన ఉపాయం నేటి పాఠశాలలలో కానరాదు.

చెక్కభజన, కోలాటం

రాయలసీమ పల్లెలలో రామాలయం ముందు రాత్రిపూట గురువు దగ్గర చెక్కభజన నేర్చుకోవడం ఆచారం. చేతిలో చెక్కలు, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, వరుసలుగా, వలయాలుగా అడుగులు వేస్తూ, లయ పెరిగేకొద్దీ ఎగురుతూ ఆడతారు. దీనిని భక్తి కళగానే చూస్తారు గాని, పిల్లవాని గుండెకు, కాళ్లకు ఇది ఏ క్రీడకూ తీసిపోని శ్రమ. బంతి ఆటలంటే ఇష్టపడని పిల్లలు సైతం పాట ఉన్నందువల్ల దీనిలో ఉత్సాహంగా పాల్గొంటారు. కోలాటమూ ఇటువంటిదే.

ఈత

కపిలబావులు నిండుగా ఉన్న కాలంలో పిల్లలు నడుముకు ఎండు సొరకాయ బుర్రలో, బెండ్లో కట్టుకుని ఈత నేర్చేవారు. అన్నో మామయ్యో ఒడ్డున కాపలా ఉండేవారు. బోర్లు వచ్చి బావులు ఎండిపోయిన తరువాత ఈత నేర్చే చోటే చాలా ఊళ్లలో లేకుండా పోయినది. ఈత రాని పిల్లలు వేసవి సెలవులలో కర్నూలు-కడప కాలువలోకి దిగడం అత్యంత ప్రమాదకరం. బావిలో నీరు నిలకడగా ఉంటుంది. కాలువలో ప్రవాహం కాళ్లను లాగివేస్తుంది, నున్నటి వాలుగట్లపై పట్టు దొరకదు. ఈత మాన్పించడం దీనికి పరిష్కారం కాదు, పెద్దల సమక్షంలో నిలకడ నీటిలో నేర్పించడమే పరిష్కారం.

ఎంత వ్యాయామం అవసరం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం 5 నుండి 17 సంవత్సరాల పిల్లలు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు శరీరం కదిలే పని చేయాలి. వారానికి కనీసం 3 రోజులు ఆయాసం వచ్చేంత శ్రమ, కండరాలకు ఎముకలకు బలమిచ్చే ఆటలు ఉండాలి. అదే సంస్థ పరిశోధకులు 2016 నాటి వివరాలతో వేసిన లెక్కలో ప్రపంచంలోని 11-17 ఏళ్లవారిలో 81 శాతం మందికి ఈ మాత్రం వ్యాయామం లేదని తేలినది. బాలురలో 78 శాతం, బాలికలలో 85 శాతం. ఒకప్పుడు నడివయసు జబ్బుగా భావించిన రెండవరకం మధుమేహం నేడు యుక్తవయస్కులలోనూ కనిపించడానికి ఇది ఒక కారణం. ఆరుబయట వెలుతురులో గడిపే పిల్లలలో హ్రస్వదృష్టి తక్కువని కూడా పరిశోధనలు చెబుతున్నాయి.

ఆటలు తగ్గడానికి కారణాలు

వీధులలో వాహనాలు పెరగడం, ఖాళీస్థలాలు ఇళ్లస్థలాలు కావడం, చేతిఫోను అందరికీ తెలిసిన కారణాలే. చదువు ఒత్తిడి గురించి కొంత చెప్పాలి. నంద్యాల బ్యాంకు ఉద్యోగాల పోటీపరీక్షల శిక్షణకు పేరుపడిన పట్టణం. ఆ పోటీ వాతావరణం క్రమంగా చిన్న తరగతులకూ దిగినది. కాలపట్టికలో ఆటల పీరియడు ఉన్నా, దానిని గణితానికి వాడుకోవడం ఎందరికో అనుభవమే. విచిత్రమేమంటే, పోలీసు కానిస్టేబులు ఎంపికకు 1600 మీటర్ల పరుగు తప్పనిసరి. పదేళ్ల వయసులో పరుగెత్తనివ్వని పిల్లవాడు ఇరవై దాటాక తెల్లవారుజామున ఆ పరుగు కొత్తగా నేర్చుకోవలసి వస్తున్నది.

2009 విద్యాహక్కు చట్టపు అనుబంధంలో ప్రతి పాఠశాలకు ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలని ఉన్నది. తల్లిదండ్రులు పాఠశాలలో చేర్చే ముందు ఫీజుతోపాటు ఈ సంగతి కూడా అడగవచ్చును.

బాలికలు

తాడాటలో అందరినీ ఓడించిన బాలిక పెద్దమనిషి కాగానే ఆట మానివేయడం ఈ ప్రాంతంలో సాధారణం. ఎముకలు గట్టిపడే వయసు సరిగ్గా అదే కావడం ఇందులోని నష్టం. నెలసరి రోజులలో ఆడరాదన్నది అపోహ, ఓపిక ఉన్నంతవరకు ఆడవచ్చును. బాలికలు మానడానికి అయిష్టం కంటే సౌకర్యాల లేమి ముఖ్య కారణం. పాఠశాలలో నీటి వసతి గల మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, ఆటకు అనువైన దుస్తులు, పొద్దుకుంకక ముందే ఇల్లు చేరే ఏర్పాటు ఉంటే చాలామంది కొనసాగుతారు. పొరుగు జిల్లా అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నెలకొల్పిన క్రీడాగ్రామంలో గ్రామీణ బాలబాలికలు శిక్షణ పొందారు. టెన్నిస్ క్రీడాకారుడు రఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో అక్కడ టెన్నిస్ పాఠశాల ప్రారంభించినది.

ప్రోత్సహించే పద్ధతులు

గుంజీళ్లు తీయించడం, మైదానం చుట్టూ పరుగెత్తించడం శిక్షగా వాడడం మానాలి. తప్పు చేస్తే వ్యాయామం అని నేర్చిన పిల్లవాడు దానిని జీవితాంతం శిక్షగానే చూస్తాడు. శారీరక శిక్షలను పైన చెప్పిన చట్టపు 17వ సెక్షను నిషేధించినది కూడా.

బొద్దుగా ఉన్న పిల్లలను ఆ పేరుతో పిలిచి ఆడించబోతే వారు మైదానానికే రారు. బరువు ప్రస్తావన లేకుండా, ఇష్టమైన ఆటను వారినే ఎంచుకోనివ్వాలి. గెలిచినవారికే కాక, రోజూ వచ్చినవారికీ బహుమతి ఇవ్వడం మేలు. దగ్గరి బడికి నడచి వెళ్లడం, పెద్ద పిల్లలైతే సైకిలుపై వెళ్లడం ఖర్చులేని వ్యాయామం. అయితే కర్నూలు-కడప జాతీయ రహదారి పక్కనున్న ఊళ్లలో రోడ్డు దాటించడానికి పెద్దలు తోడుండాలి.

మార్చి నడిమి నుండి ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్నం ఇంటికి చేరిన పిల్లవాడు సాయంత్రం వరకు టీవీ ముందు ఉండేది ఈ రోజులలోనే. ఆ వేళ నిద్ర, మజ్జిగ, కథల పుస్తకం ఇచ్చి, అయిదున్నరకు నలుగురు పిల్లలను ఒకచోట చేర్చగలిగితే మిగిలిన ఆట వారే చూసుకుంటారు.