తీర్మానం, సవరణ, బిల్లు: మద్రాసు శాసనమండలిలో ముత్తులక్ష్మీరెడ్డి శాసన ప్రాధాన్యాలు (1927-1930)

వ్యాససంగ్రహం

మద్రాసు శాసనమండలిలో తొలి మహిళా సభ్యురాలైన డా. ముత్తులక్ష్మీరెడ్డి దేవదాసీ వ్యవస్థ నిర్మూలనకు చేసిన శాసన ప్రయత్నాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. తీర్మానం, చట్టసవరణ, స్వతంత్ర బిల్లు అనే మూడు సాధనాలను ఆమె ఏ వరుసలో వాడారు, ఆ వరుసకు కారణమేమిటి, ఆ చర్చలో సభలో చోటు దక్కని గొంతు ఎవరిది అన్న ప్రశ్నలను పరిశీలించి, తెలుగు సాహిత్య పరిశోధనకు ఈ చరిత్ర ఎందుకు అవసరమో సూచించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: శాసనమండలి, దేవదాసీ వ్యవస్థ, ఇనాము, తీర్మానం, బిల్లు, బెంగుళూరు నాగరత్నమ్మ, జోగిని.

1. ఉపోద్ఘాతం

‘కన్యాశుల్కం’లోని మధురవాణి పాత్రను చర్చించేటప్పుడు నాటి ‘యాంటీ నాచ్’ ఉద్యమాన్ని ప్రస్తావించడం పరిపాటి. సాహిత్య వ్యాసాల్లో ఆ ప్రస్తావన సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది. సంస్కర్తల ప్రసంగాల్లోనూ, నాటకాల్లోనూ, నవలల్లోనూ నలిగిన ఆ వివాదం మూడు దశాబ్దాల తర్వాత చట్టసభకు చేరింది. కోస్తాంధ్ర, రాయలసీమ ప్రాంతాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో అంతర్భాగాలు. కాబట్టి ఆ సభ చేసిన ప్రతి నిర్ణయమూ ఇక్కడి కళావంతుల ఇళ్ళను, మాన్యాలను, వారసత్వాలను నేరుగా తాకింది.

2. సభ్యురాలు - సభ

ముత్తులక్ష్మీరెడ్డి (1886-1968) పుదుక్కోట్టైలో జన్మించారు. ఆమె తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబానికి చెందినవారు. 1912లో మద్రాసు వైద్య కళాశాల నుండి పట్టా పొందిన ముత్తులక్ష్మీరెడ్డి, శాసనమండలికి నియమితురాలై 1927లో సభ ఉపాధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. స్త్రీ శిశు ఆరోగ్యం, బాలికల విద్య, వివాహ వయస్సు పెంపు, దేవదాసీ వ్యవస్థ రద్దు ఆమె ప్రధాన అంశాలు. ఆ కాలపు అనుభవాలను 1930లో ‘మై ఎక్స్‌పీరియన్స్ యాజ్ ఎ లెజిస్లేటర్’ అనే ఆంగ్ల గ్రంథంగా ప్రచురించారు.

1919 భారత ప్రభుత్వ చట్టం కింద ఏర్పడిన ఆ మండలి అధికారాలు పరిమితమైనవి. ఆమె మంత్రి కారు. నియోజకవర్గం నుండి ఎన్నికై వచ్చినవారూ కారు. అటువంటి సభ్యురాలికి అందుబాటులో ఉన్నవి తీర్మానం, అనధికార సభ్యుల బిల్లు మాత్రమే. ఈ పరిమితిని గుర్తిస్తేనే ఆమె వేసిన అడుగుల వరుస అర్థమవుతుంది.

3. మూడు మెట్లు

3.1 తీర్మానం (1927): తీర్మానం ప్రభుత్వానికి సభ చేసే సిఫారసు. దానికి చట్టబలం ఉండదు. దేవాలయాలకు బాలికలను అంకితం చేసే ఆచారాన్ని ఆపడానికి తగిన శాసనం చేయాలని కోరుతూ 1927 నవంబరులో ఆమె ప్రతిపాదించిన తీర్మానాన్ని సభ ఆమోదించింది. మైనరు బాలికలను వ్యభిచారం కోసం అమ్మడాన్ని, కొనడాన్ని భారత శిక్షాస్మృతి 372, 373 సెక్షన్లు అప్పటికే నేరంగా పరిగణించాయి. అయితే ఆలయంలో జరిగే అంకితం మతకర్మ రూపంలో ఉండటం వల్ల ఆ సెక్షన్ల కింద నేరాన్ని రుజువు చేయడం సులభం కాదు. తీర్మానం వల్ల ఒనగూరిన ప్రయోజనం నైతికమైనది: ఇది సభ పట్టించుకోవలసిన విషయమేనన్న అంగీకారం అధికారికంగా నమోదైంది.

3.2 సవరణ (1929): రెండో అడుగులో ఆమె నిషేధాన్ని కాక భూమిని ఎంచుకున్నారు. ఆలయసేవకు ప్రతిఫలంగా దేవదాసీలు ఇనాము భూములను అనుభవించేవారు. సేవ ఆగితే మాన్యం పోతుంది. మాన్యం నిలవాలంటే ఇంట్లో మరొక బాలికను అంకితం చేయాలి. తరం తర్వాత తరం ఈ ఆచారం కొనసాగడానికి భక్తితోపాటు ఈ ఆర్థిక బంధం కూడా కారణం. అందువల్ల కొత్త చట్టం కోరకుండా, అప్పటికే అమలులో ఉన్న మద్రాసు హిందూ మతధర్మాదాయ చట్టానికి ఆమె సవరణ ప్రతిపాదించారు. 1929లో అది చట్టమైంది. దాని సారాంశం, దేవదాసీల ఇనాములను ఆలయసేవ అనే షరతు నుండి విడిపించడం. ఊడిగం మానినా భూమి చేజారదన్న భరోసా ఏర్పడింది.

3.3 బిల్లు (1930): అంకితాన్నే నిషేధించే స్వతంత్ర బిల్లును 1930లో ఆమె ప్రవేశపెట్టారు. అదే సంవత్సరం గాంధీజీ అరెస్టుకు నిరసనగా సభ్యత్వానికి రాజీనామా చేయడంతో బిల్లు తన ప్రధాన ప్రతిపాదకురాలిని కోల్పోయింది. మద్రాసు దేవదాసీల (అంకిత నిరోధక) చట్టం 1947లో గాని రాలేదు. అంకితాన్ని చట్టవిరుద్ధం చేయడమే కాక, అంకితురాలైన స్త్రీ చేసుకునే వివాహం చెల్లుతుందని కూడా ఆ చట్టం స్పష్టం చేసింది.

శిక్ష కంటే ముందు జీవనాధారాన్ని భద్రపరచడం ఈ క్రమంలోని వివేకం. వరుస తిరగబడి నిషేధమే ముందు వచ్చి ఉంటే, ఆచారంతోపాటు ఆ స్త్రీల భూమి కూడా పోయే ప్రమాదం ఉండేది.

4. సభలో చోటు దక్కని గొంతు

ఈ వివేకానికీ ఒక హద్దు ఉంది. చట్టం ఎవరి కోసం ఉద్దేశించబడిందో వారికి సభలో స్థానం లేదు. దేవదాసీలు వినతిపత్రాల ద్వారా తమ అభ్యంతరాలను తెలిపారు. తమ కులాన్ని వ్యభిచారంతో సమానం చేయడం అన్యాయమనీ, సంగీత నాట్యాలను కాపాడింది తామేననీ వారి వాదన. ఆనాటి హిందూ కుటుంబాల్లో స్త్రీలకు సాధారణంగా లేని దత్తత, ఆస్తి హక్కులు ఆచారరీత్యా వారికి ఉండేవి. వృత్తి రద్దయితే ఆ హక్కుల గతి ఏమిటన్న ప్రశ్న వట్టి స్వార్థంగా తోసిపుచ్చదగినది కాదు.

ఈ నిరసనలో బెంగుళూరు నాగరత్నమ్మ పాలుపంచుకున్నారు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో పరిష్కరించి ప్రచురించిన నాగరత్నమ్మ ఈమే. అశ్లీలమన్న ఆరోపణతో ఆ కావ్యం నిషేధానికి గురైంది. ఒక కావ్యానికి చోటు కోసం పోరాడిన స్త్రీయే తన సమాజం గౌరవం కోసమూ పోరాడింది. ఈ రెంటినీ కలిపి చదివితే ఆమె సంపాదకత్వం మనకు మరింత లోతుగా అర్థమవుతుంది. అయితే దేవదాసీలందరిదీ ఒకే మాట కాదు. ఆ వర్గం నుండే వచ్చిన యామినీ పూర్ణతిలకం సంస్కరణ పక్షాన పనిచేశారు. అందువల్ల దీనిని సంస్కర్తలకూ దేవదాసీలకూ మధ్య పోరుగా మాత్రమే చూడటం సరికాదు.

5. చట్టం తర్వాత

1947 చట్టం మద్రాసు రాష్ట్రానికి పరిమితం. నాటి హైదరాబాదు రాజ్యంలోని తెలంగాణ జిల్లాలకు అది వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో ప్రత్యేక నిషేధ చట్టం చేయవలసి వచ్చింది. బసివి, జోగిని, పార్వతి, మాతమ్మ, త్యామ్మ అనే పేర్లను ఆ చట్టం ప్రస్తావించింది. పేర్ల జాబితా అవసరమైందంటే ఆచారం ప్రాంతానికొక పేరుతో బతికే ఉందన్నమాట. జోగినుల్లో అత్యధికులు దళిత స్త్రీలు. ఆలయ దేవదాసీలకు ఉన్నట్లు వారికి ఇనాములూ లేవు, కళాప్రతిష్ఠా లేదు. కాబట్టి 1929 సవరణ ఇచ్చినటువంటి భరోసా వారి విషయంలో పునరావాసం రూపంలోనే రావాలి.

6. ముగింపు

శాసనసభ్యుల ప్రాధాన్యాలను అంశాల జాబితాగా చూస్తే సరిపోదు. ఏ అంశం ముందు, ఏ సాధనంతో, ఎవరి మాట విని అన్న మూడు ప్రశ్నలు వేయాలి. ముత్తులక్ష్మీరెడ్డి మొదటి రెండింటికి దూరదృష్టితో సమాధానమిచ్చారు. మూడోదానికి ఆనాటి సభానిర్మాణమే అడ్డుగా నిలిచింది. తెలుగు పరిశోధకులు సంస్కరణ సాహిత్యంతోపాటు శాసనమండలి చర్చలను, దేవదాసీల వినతిపత్రాలను కూడా ప్రాథమిక ఆకరాలుగా స్వీకరించాలి. అప్పుడే మధురవాణి నుండి జోగిని దాకా సాగిన చరిత్రను సంస్కర్తల వైపు నుండే కాక, ఆ స్త్రీల వైపు నుండి కూడా చదవగలుగుతాం.