నొప్పి లేదు కాబట్టి జబ్బు లేనట్టేనా?

ప్రాణహిత నదికి అవతలి ఒడ్డున ఉన్న గడ్చిరోలిలో రెండు పల్లెల ఆడవాళ్లను డాక్టర్లు రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు పరీక్షించారు. 1989లో లాన్సెట్‌లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. నూటికి 92 మందిలో గర్భసంచి జబ్బో, సుఖవ్యాధో ఏదో ఒకటి బయటపడింది. నన్ను ఇప్పటికీ కలవరపెట్టే అంకె మాత్రం ఇంకొకటి: పరీక్షించినవారిలో 45 శాతం మంది తమకు ఏ బాధా లేదన్నారు.

వాళ్లు దాచలేదు, వాళ్లకు తెలియదు. గర్భాశయ ముఖద్వారం కంటికి కనిపించదు, అక్కడ పుండు పడ్డా నొప్పి పెద్దగా తెలియదు. క్లమీడియా క్రిమి అక్కడి కణంలో దూరి, రెండు మూడు రోజుల్లో వందలుగా పెరిగి, కణాన్ని చీల్చుకుని పక్క కణాల్లోకి పోతుంది. ఇది సోకిన ఆడవాళ్లలో అత్యధికులకు తెల్లబట్ట కూడా కనిపించదు. క్రిమి పైకి పాకి అండం ప్రయాణించే నాళాలను పాడుచేశాక, కడుపు పండలేదనో, గర్భం నాళంలో నిలిచిందనో ఆస్పత్రికి వచ్చినప్పుడు గానీ సంగతి బయటపడదు. పైగా వాపు ఉన్న చోటికి రక్షణ కణాలు గుమిగూడతాయి. హెచ్‌ఐవీ పట్టుకునేది సరిగ్గా ఆ కణాలనే. అదీ సోకాక ఎనిమిది, పదేళ్ల దాకా మనిషి నాట్లకూ కలుపులకూ మామూలుగానే వెళ్తుంటుంది.

సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్) లాంటి మండలంలో ఆడమనిషికి హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు అడగకుండానే అందేది దాదాపు కడుపుతో ఉన్నప్పుడే. ఆ పరీక్ష విలువ చాలా పెద్దది. తొలిదశ సిఫిలిస్‌కు ఒక్క పెన్సిలిన్ ఇంజక్షన్ చాలు. హెచ్‌ఐవీ ఉన్న తల్లి మందులు వేసుకుంటే బిడ్డకు సోకే ముప్పు 5 శాతం లోపుకు దిగుతుంది. అయితే మన దగ్గర ఇద్దరు పిల్లలు కాగానే, చాలామందికి పాతికేళ్లకే ఆపరేషన్ అయిపోతుంది. ఆ తర్వాత కండోమ్ ఊసుండదు, రక్తపరీక్షా ఉండదు. భర్త నుంచి ఏది సోకినా పట్టుకునే దారి దాదాపు లేదు. సుఖవ్యాధులకు చికిత్స చేసే సురక్ష క్లినిక్‌లో రంగురంగుల మందుల కిట్లున్నాయి. కానీ లక్షణం చెప్పుకున్నవారికే అవి అందుతాయి.

2023 మార్చి 8న తెలంగాణ రాష్ట్రం మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ కార్యక్రమం మంగళవారాలను ఆడవాళ్లకే కేటాయించింది, సుఖవ్యాధుల పరీక్షలనూ అందులో చేర్చింది. అక్కడ ముప్పై దాటినవారికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేసే రోజునే, ఆమె ఒప్పుకుంటే, హెచ్‌ఐవీ, సిఫిలిస్‌లకూ రక్తం తీయాలి. భర్తనూ పిలిపించాలి, లేకుంటే నయమైనది మళ్లీ సోకుతుంది. 2017 నాటి చట్టం ప్రకారం ఆమె సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.