తూటా తగిలితే ఏమైతది? పాత టీవీ చెప్పని ముచ్చట

మొన్న దసరా సెలవులకు మా చెల్లె కొడుకు ఊరికొచ్చిండు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండు. రాత్రి బువ్వ తిన్నంక గడంచె మీద పండుకొని ఫోన్ల వీడియోలు చూసుకుంట ఉన్నట్టుండి పక్కున నవ్విండు.

"మామా, ఇటు సూడు. గిన్ని తూటాలు పేలుతున్నయి, కార్లు పల్టీలు కొడుతున్నయి. ఒక్కడు గూడ సస్తలేడేంది?"

అది 'ఏ-టీమ్' అనే పాత అమెరికా సీరియల్ ముక్క. 1983 నుంచి 1987 దాక ఎన్‌బీసీ చానల్ల వచ్చింది. నలుగురు మాజీ సైనికులు, ఒక నల్ల వ్యాను, వారానికో ఊరు, వారానికో రౌడీ మూక. మిషన్ గన్లు వాన లెక్క కురుస్తయి. జీపు గాల్లకు లేచి బోర్ల పడుతది. అండ్లకెళ్లి మనుషులు దుమ్ము దులుపుకుంట బయటికొస్తరు. చచ్చేటోడు కనపడుడు చానా అరుదు.

పోరడు నవ్వులాటకు అడిగిండు గని, ప్రశ్న గట్టిది. అదే పోరడు జరసేపటికి మెల్లగ ఇంకో ముచ్చట చెప్పిండు. దోస్తులతోని రాత్రిపూట కుందేళ్ల వేటకు పోతడట. ఒకని దగ్గర నాటు తుపాకి ఉన్నదట. నాకు గుండెల రాయి పడ్డది. అప్పుడు ఆ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుడు తప్పదనిపించింది. నేను మీడియా చదువులు చదివినోణ్ణి గాదు. దొరికిన పుస్తకం, దొరికిన వీడియో చూసుకుంట నేర్చుకున్నోణ్ణి. తెలిసినకాడికి చెప్త.

అమెరికాల టీవీ ఇంటింటికి చేరింది 1950లల్ల. ఆ రోజులల్ల జనం ఎగబడి చూసినయి వెస్టర్న్‌లు. అంటే గుర్రాలు, టోపీలు, నడుముకు పిస్తోలు, దుమ్ములేచే బజార్ల ఇద్దరు ఎదురెదురుంగ నిలవడుడు. 1958-59 సీజన్ల ఎక్కువమంది చూసిన మొదటి నాలుగు సీరియళ్లూ ఇవే: 'గన్‌స్మోక్', 'వాగన్ ట్రెయిన్', 'హ్యావ్ గన్ విల్ ట్రావెల్', 'ది రైఫిల్‌మ్యాన్'. నాలుగిట్ల రెండిటి పేర్లల్లనే గన్ను, ఇంకోదాంట్ల రైఫిల్. 'గన్‌స్మోక్' అయితే 1955 నుంచి 1975 దాక ఇరవై ఏండ్లు నడిచింది, 635 ఎపిసోడ్లు.

ఆ సీరియళ్లల్ల తూటా తగిలిన మనిషి ఎట్ల పడుతడో మీరు యూట్యూబ్‌ల చూడుర్రి. చెయ్యి ఛాతి మీద పెట్టుకుంటడు, మోకాళ్ల మీద కూలుతడు, పక్కకు ఒరుగుతడు. అయిపాయె. అంగీకి బొక్క పడది, నెత్తురు రాదు, అరుపు ఇనపడది. అదే హీరోకు తగిలితే ఎప్పుడు జూసినా భుజానికే. డాక్టర్ తూటా తీస్తడు, కట్టు కడుతడు. వచ్చే వారం మళ్ల గుర్రమెక్కుతడు. 'లోన్ రేంజర్' (1949-1957) ఇంకో అడుగు ముందుకేసిండు. ఆయన మనిషిని చంపడు, అవుతలోని చేతిల పిస్తోలు మాత్రమే ఎగిరిపొయ్యేటట్టు కాలుస్తడు. వేళ్లు, మణికట్టు, నరాలు అన్నీ భద్రం.

మరి గిట్ల ఎందుకు చూపించిన్రు? తీసేటోళ్లకు నెత్తురు సంగతి తెల్వకనా? కాదు, తెలిసే దాచిన్రు. టీవీ కంపెనీలు 1952ల తమకు తామే ఒక నియమావళి రాసుకున్నయి. సర్కారు చట్టం తెస్తదేమోనని, ప్రకటనలిచ్చే కంపెనీలు భయపడి పోతయేమోనని. అది 1983 దాక నడిచింది. అండ్ల ఒక ముఖ్యమైన మాట ఉన్నది. క్రూరత్వాన్ని గాని, మనిషి ఒంటి బాధను గాని, కంటికి కనపడేటట్టు, చెవికి ఇనపడేటట్టు వివరంగ చూపించొద్దని.

ఇనడానికి మంచిగనే ఉన్నది. పిల్లలు చూస్తరు గదా, నెత్తురెందుకు? కని జర ఆగి ఆలోచించుర్రి. తుపాకి ఉండొచ్చు, పేలొచ్చు, మనిషి పడొచ్చు. ఆ మనిషికి నొప్పి అయినట్టు మాత్రం కనపడొద్దు. తీసేసింది హింసను గాదు, దాని ఫలితాన్ని. తేలు కుట్టుడు చూపించి, మంట మాత్రం దాచినట్టన్నట్టు.

దీని ఎనుక పైసల లెక్క గూడ ఉన్నది. 1955ల మాటెల్ బొమ్మల కంపెనీ పిల్లల షో 'మిక్కీ మౌస్ క్లబ్'ల బర్ప్ గన్ అనే బొమ్మ తుపాకి ప్రకటన వేసింది. అది ఎగబడి అమ్ముడుపోయింది. తుపాకి దెబ్బకు మనిషి నేల మీద గిలగిల కొట్టుకునుడు చూపిస్తే, దాని పక్కన ఆ బొమ్మ అమ్ముడుపోతదా?

అసలు ముచ్చట ఇంకోటున్నది. 'గన్‌స్మోక్' కథ జరిగేది కాన్సస్‌ల డాడ్జ్ సిటీ అనే ఊర్ల. టీవీల ఆ ఊరి బజార్ల వారం వారం తుపాకులు పేలుతయి. నిజం డాడ్జ్ సిటీల మాత్రం ఊర్లకు తుపాకి తీస్కరావొద్దని 1870లల్లనే కట్టడి పెట్టిన్రు. రాబర్ట్ డిక్‌స్ట్రా అనే చరిత్రకారుడు డాడ్జ్ సిటీ అసొంటి ఐదు పశువుల పట్నాల రికార్డులు తిరగేసిండు. 1870 నుంచి 1885 దాక, అన్ని ఊర్లు కలిపి 45 హత్యలు. అంటే సగటున ఒక్క ఊర్ల ఏడాదికి ఒకటి రెండు మించలే. టీవీల అయితే అన్ని చావులు చానా జల్ది అయిపోతుండె. ఊరోళ్లు తుపాకిని చూసి భయపడి కట్టడి చేసుకున్నరు. టీవీ వచ్చి అదే ఊరిని తుపాకి తీర్థం చేసింది.

అమెరికాల అడిగినోళ్లు లేరా అంటే ఉన్నరు. 1961ల ఎఫ్‌సీసీ అధ్యక్షుడు న్యూటన్ మినో టీవీ యజమానుల సభకే పోయి, మీ టీవీ ఒక పెద్ద బంజరు భూమి అని మొఖం మీదనే అన్నడు. అదే ఏడాది సెనేటర్ థామస్ డాడ్ టీవీ హింస మీద విచారణలు మొదలువెట్టిండు. 1968ల మార్టిన్ లూథర్ కింగ్‌ను, రెండు నెలలకే రాబర్ట్ కెన్నెడీని కాల్చి చంపినంక జనం కోపం ఇంకా పెరిగింది. చానళ్లు అప్పుడేం చేసినయి? జర తుపాకులు తగ్గించినయి, జర కత్తిరించినయి. 'గన్‌స్మోక్' మొదట్ల వచ్చే బజారు కాల్పుల సీను చివరి ఏండ్లల్ల తీసేసి, హీరో గుర్రం మీద ఉరుకుతున్నట్టు పెట్టిన్రు. కని తుపాకి దెబ్బ తగిలినోని బాధ మాత్రం తెర మీదికి రాలే. ఆ దారిల నడిచి నడిచి చివరకు 'ఏ-టీమ్' కాడికి చేరింది. వెయ్యి తూటాలు, సున్న శవాలు.

జార్జ్ గెర్బ్‌నర్ అనే ప్రొఫెసర్ 1960ల చివర్ల మొదలువెట్టి ఏండ్ల తరబడి టీవీల హింసను లెక్కబెట్టిండు. దీనికి ఆయన పెట్టిన పేరు 'సంతోషపు హింస'. గబుక్కున అయిపోతది, నొప్పి ఉండది, చివరకు అందరు నవ్వుతరు.

నిజం తూటా ఎట్లుంటదో అమెరికా జనం ఒకసారి టీవీలనే చూసిన్రు. 1963 నవంబర్ 22న డాలస్‌ల అధ్యక్షుడు కెన్నెడీని కాల్చి చంపిన్రు. రెండు రోజులకు ఆ కేసుల పట్టుకున్న ఓస్వాల్డ్‌ను పోలీసులు వేరే జైలుకు తీస్కపోతుంటే, జాక్ రూబీ అనేటోడు జనంలకెళ్లి దూసుకొచ్చి పొట్టల కాల్చిండు. ఎన్‌బీసీల అది లైవ్ వచ్చింది. ఎదురెదురు నిలవడుడు లేదు, డైలాగు లేదు. ఒక్కటే తూటా. మనిషి మొఖం నొప్పితోని వంకర్లు తిరిగింది. లోపల పెద్ద రక్తనాళాలు తెగినయి. చుట్టూ పోలీసులున్నా, దవాఖానకు తీస్కపోయినా, రెండు గంటలు గూడ బతకలే.

హీరో భుజం ముచ్చట గూడ అంతే అబద్ధం. మెడ ఎముక కింద చేతికి పోయే పెద్ద నాళం, చెయ్యి మొత్తం కదిలించే నరాల కట్ట ఉంటయి. అక్కడ తగిలితే మనిషి పోవచ్చు, బతికితే చెయ్యి పడిపోవచ్చు. తొడల పెద్ద నాళం తెగితే నిమిషాలల్ల ప్రాణం పోతది. తూటాకు 'ఉత్త గాయం' చేసే జాగ అంటూ ఏదీ లేదు.

పాత టీవీ అంతా ఇట్లనే ఉన్నదంటే తప్పయితది. పోలీసు కథల 'డ్రాగ్‌నెట్' 1952 డిసెంబర్ల ఒక ఎపిసోడ్ చూపించింది. క్రిస్మస్ కానుకకని కొన్న రైఫిల్ పిల్లల ఆటల పేలి ఒక పిల్లగాడు చచ్చిపోతడు. దొంగ లేడు, హీరో లేడు. ఆ పిలగాని ఇల్లు మాత్రం ఆగమైతది. తుపాకులోళ్ల సంఘం ఎన్‌ఆర్‌ఏ దాని మీద అభ్యంతరం చెప్పింది. వారం వారం పేలే వెస్టర్న్ తుపాకుల నడుమ, ఒక్క చావును నిజంగ చూపిస్తే మంట పుట్టింది. గట్లనే 'మ్యాష్' అని కొరియా యుద్ధంల డేరా దవాఖాన కథ. 1973ల వచ్చిన ఒక ఎపిసోడ్ల డాక్టర్ హాకై పాత దోస్తు గాయాలతోని ఆయన బల్ల మీదికే వస్తడు. ఎంత కొట్లాడినా ప్రాణం దక్కది. నవ్వించే డాక్టర్ ఏడుస్తడు. రెండిట్ల కూడ నెత్తురు కుండలు గుమ్మరించలే. తర్వాత ఏమైందో చెప్పిన్రు, అంతే.

ఈ 'తర్వాత' నాకు టీవీల కాదు, ఇంట్ల తెలిసింది. ఇరవై ఏండ్ల కింద మా చిన్నబాపు రాత్రిపూట మక్క చేనుకు కావలి పోయిండు. అడివి పందులు పడుతున్నయని పక్క చేనాయన గూడ నాటు తుపాకి పట్టుకొని కూసున్నడు. చేన్ల సప్పుడయింది. పంది అనుకొని కాల్చిండు. ఇనుప గుండ్లు చిన్నబాపు మోకాలు నిండ దిగినయి. మంచంల ఏసుకొని రోడ్డు దాక మోసినం. ట్రాక్టర్ దొరికేసరికి తెల్లారవచ్చింది. మూడు ఆపరేషన్లయినంక కాలు తీసేసిన్రు. ఎకరం భూమి అమ్మినం. ఏడో తరగతి చదివే చెల్లె బడి మానేసి చిన్నమ్మతోని కైకిలి పోయింది. కాల్చినాయన ఆరేండ్లు కోర్టు చుట్టు తిరిగిండు. ఆయన గూడ పాపం మంచోడే. మా ఇంటి ముందటికెళ్లి పోలేక చుట్టు తిరిగి వేరే తొవ్వల చేనుకు పోయేటోడు.

ఇదంతా తెర మీద ఎన్నడన్న చూసిన్రా? మంచం మోసుడు, భూమి అమ్ముడు, తొవ్వ మార్చుకొని నడుసుడు?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, పాత సీరియళ్లు చూడొద్దంటలేను. నేను గూడ చూస్త, నవ్వుత. నెత్తురు ఎక్కువ చూపిస్తే సరిపోతదని గూడ అంటలేను. ఇయ్యాల వెబ్ సిరీస్‌లల్ల నెత్తురు కాలువలు పారుతనే ఉన్నయి. అండ్ల గూడ పడ్డోని ఇంటికి కెమెరా పోతలేదు. అందుకే పాతదైనా కొత్తదైనా, తుపాకి పేలినప్పుడు మనసుల ఒక్క ప్రశ్న అడుగుర్రి: వీడు పడ్డంక వీనింట్ల ఏమైంది? కథ దానికి జవాబు చెప్పకుంటే, తుపాకి గురించి అది మీకు సగమే చెప్పిందన్నట్టు.

తెల్లారి మా అల్లుణ్ణి చిన్నబాపు ఇంటికి తోల్కపోయిన. నేనేం చెప్పలే. చిన్నబాపు అరుగు మీద కూసొని మక్క కంకులు ఒలుస్తుండు. పోరడు కాలు దిక్కు చూసి, చూడనట్టు మొఖం తిప్పుకున్నడు.

"ఆయన నన్ను సంపాలని కాల్చలే బిడ్డా," అన్నడు చిన్నబాపు, చేతుల పని ఆపకుంట. "సప్పుడు ఇని కాల్చిండు. గంతే."

ఆ రాత్రి పోరడు వేటకు పోలే.