రెండోసారి అదే నడవలోకి

హారర్ గేమ్ కొనేముందు చాలామంది అడిగేది ఒకటే: ఎన్ని గంటలు వస్తుంది? గంటలో అయిపోతుందంటే పెదవి విరుస్తారు. మళ్లీ మళ్లీ ఆడేలా ఉంటేనే డబ్బులు గిట్టినట్టు లెక్క. ఈ లెక్క క్రికెట్ గేమ్‌కి సరిపోతుందేమో గానీ భయానికి సరిపోదు. తలుపు వెనకాల ఎవరున్నారో తెలిసిపోయాక ఆ తలుపు మునుపటిలా భయపెట్టదు. కాబట్టి చిన్న హారర్ గేమ్ మనల్ని రెండోసారి కూర్చోబెట్టాలంటే భయం ఒక్కటే చాలదు, ఇంకేదో ఉండాలి.

ఆ ఇంకేదో ఏమిటో 'ది ఎగ్జిట్ 8' ఆడితే బాగా అర్థమవుతుంది. 2023లో జపాన్‌కు చెందిన కొటాకే క్రియేట్ తెచ్చిన గేమ్ ఇది. ఉన్నదల్లా భూగర్భ రైల్వే స్టేషన్లో కనిపించేలాంటి తెల్ల టైల్స్ నడవ ఒకటి. నేల మీద చూపులేనివాళ్ల కోసం వేసిన పసుపు పట్టీ, గోడకు వరసగా పోస్టర్లు, చేతిలో బ్రీఫ్‌కేస్‌తో ఎదురొచ్చే తెల్లచొక్కా మనిషి. ఏదైనా తేడా కనబడితే వెనక్కి తిరగాలి, లేకపోతే ముందుకు పోవాలి. వరసగా సరిగ్గా పోల్చుకుంటూ పోతే ఎనిమిదో నంబరు ద్వారం వస్తుంది. ఒక్కసారి పొరబడితే మళ్లీ సున్నా.

మొదట్లో ఆ మనిషి దగ్గరికొస్తుంటే గుండె దడదడలాడుతుంది. నాలుగైదుసార్లు తిరిగేసరికి దడ తగ్గి చూపు పదునెక్కుతుంది. అతని నడక ఇందాకటిలాగే ఉందా? పోస్టర్లో కళ్లు ఇటు తిరిగాయా? పైన లైట్ల వరస వంకర పోయిందా? నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది మాత్రం ఏ తేడా లేని నడవే. అంతా మామూలుగానే ఉందని నమ్మి ముందుకు అడుగేయడానికి కాళ్లు రావు. ఇక్కడ భయం పుట్టేది నడవలోంచి కాదు, మన కంటి మీద మనకున్న అనుమానంలోంచి. అది ఒక్కసారికి అరిగిపోదు. తేడాలన్నీ తెలిసిపోయాక గేమ్ అయిపోయినట్టే, నిజమే. రెండుమూడుసార్లు కూర్చోబెట్టిన గేమ్ అక్కడితో ఆగితే దాన్ని లోపమని నేననను.

పెద్ద సంస్థలకూ ఈ కిటుకు తెలుసు. 1998 నాటి 'రెసిడెంట్ ఈవిల్ 2'లో లియోన్, క్లెయిర్ అనే రెండు పాత్రల్లో ఒకరితో పూర్తిచేశాక రెండోవారి కథ తెరుచుకుంటుంది. పోలీస్ స్టేషన్ కింద ఒక లాకర్లో సబ్‌మెషీన్ గన్, సామాను మోసే సంచి ఉంటాయి. మొదటివారు రెండూ తీసేసుకుంటే రెండోవారికి ఖాళీ లాకరే మిగులుతుంది. పొడవాటి కోటులో వెంటపడే రాక్షసుడు కనిపించేది కూడా ఆ రెండో కథలోనే. అంటే తెలిసిన దారిలోనే తెలియనిది ఎదురవుతుంది. 2020లో మూడో భాగాన్ని కొత్తగా తీసినప్పుడు, పాత గేమ్‌లో ఆటగాడు దారి ఎంచుకునే ఘట్టాలను తీసేశారు. గేమ్ చిన్నదైపోయిందని అప్పుడు వచ్చిన ఫిర్యాదులో న్యాయముంది. పూర్తి ధర తీసుకుని, మళ్లీ ఆడాలనిపించే కారణాల్లో ఒకదాన్ని తీసేశారు మరి.

చిన్న తయారీదారుల సంగతి అది కాదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. పనిచేయని గేమ్ అంటగట్టే వాళ్ల నుంచి కాపాడే మంచి నియమమే. కానీ గంటన్నరలో ముగిసే కథను చివరిదాకా చూసేసి కూడా అడగవచ్చు. 2021లో 'సమ్మర్ ఆఫ్ 58' అనే హారర్ గేమ్ విషయంలో జరిగింది ఇదే. ఆడినవాళ్లు బాగుందని రాశారు. అయినా డబ్బు వెనక్కి తీసుకున్నవాళ్లు ఎందరో. దాన్ని చేసిన ఎమికా గేమ్స్, ఇక గేములు చేయడం ఆపేస్తున్నానని ఆ ఏడాదే ప్రకటించింది.