యజమాని లేని ఊళ్లో కాపలా ఎవరిది?

2019 నవంబరులో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేయడంపై నిరసన చెలరేగి, మన దేశంలో చాలామంది మాస్టొడాన్‌లో చేరారు. అక్కడ పైన కూర్చునే యజమాని లేడు కాబట్టి అడ్డూ అదుపూ ఉండవని కొందరు సంబరపడ్డారు, కొందరు బెదిరిపోయారు. రెండూ తప్పు అంచనాలే. 2016లో జర్మనీకి చెందిన యూజెన్ రోచ్కో మొదలుపెట్టిన మాస్టొడాన్ ఒకే కంపెనీ చేతిలోని వేదిక కాదు, వేలాది సర్వర్ల కలయిక. ఒక్కో సర్వరుకు ఒక నిర్వాహకుడు, సొంత నియమాలు ఉంటాయి. జీమెయిల్ నుంచి యాహూకి ఉత్తరం వెళ్లినట్టే ఒక సర్వరు సభ్యుడి మాట మరో సర్వరుకు చేరుతుంది. చేరనివ్వాలా వద్దా అన్నది మాత్రం అందుకునే సర్వరు ఇష్టం. అదుపు ఉన్నది అక్కడే.

దీని బలం 2019 జులైలో బయటపడింది. విద్వేష రాతలకు పేరుమోసిన గ్యాబ్ అనే అమెరికా వేదిక మాస్టొడాన్ సాఫ్ట్‌వేర్‌లోకి మారింది. అది ఎవరైనా వాడుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, వద్దనే అధికారం రోచ్కోకు కూడా లేదు. కానీ సర్వర్లు ఒకదాని వెంట ఒకటి గ్యాబ్‌తో తెగతెంపులు చేసుకున్నాయి. కొన్ని ఫోన్ యాప్‌లు కూడా దానికి తలుపు మూశాయి. విద్వేషం అంతరించలేదు కదా అని అడగవచ్చు. నిజమే, గ్యాబ్ తన చోట తాను మాట్లాడుతూనే ఉంది. అయితే మాట్లాడే హక్కు ఉన్నంత మాత్రాన అందరి చెవిలోనూ పడాలన్న హక్కు రాదు. ఈ తేడాను ఏ ఒక్క కంపెనీ ఆజ్ఞా లేకుండా పాటించి చూపడం చిన్న విషయమేమీ కాదు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటి ఉంది: సర్వరు మొత్తాన్ని తెంచేస్తే అందులోని అమాయకులూ పోతారు. మాస్టొడాన్ లాగే సర్వర్ల కలయికగా నడిచే లెమ్మీలో, 2023 జూన్‌లో బీహా అనే సర్వరు రెండు పెద్ద సర్వర్లతో సంబంధం తెంచుకుంది. ఆ రెండింటిలో ఎవరు పడితే వారు చేరే వీలుండటంతో వచ్చిపడే అల్లరిని తాము నలుగురం తట్టుకోలేమని బీహా నిర్వాహకులు అన్నారు. ఏ తప్పూ చేయని వేలమందికి దారి మూసుకుపోయింది.

లోపం తెంచుకునే హక్కులో లేదు, చేతులు చాలకపోవడంలో ఉంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో రెండు రోజులపాటు మాస్టొడాన్ సర్వర్లలోని సుమారు 3,25,000 బహిరంగ పోస్టులను పరిశీలిస్తే, పిల్లలపై లైంగిక హింసకు సంబంధించి ముందే నమోదైన చిత్రాలు 112 చోట్ల కనిపించాయి. జీతం లేని ఇద్దరు ముగ్గురు రాత్రిపూట కూర్చుని ఏరివేయగల చెత్త కాదది. తెలుగులో రాసే కులదూషణ సంగతి ఇంకా కష్టం. ఫిర్యాదు అందుకున్న నిర్వాహకుడికి తెలుగు రాకపోతే అది బూతో పద్యమో ఎలా తెలుస్తుంది? పెద్ద కంపెనీల్లోనూ ఈ చిక్కు ఉంది. ఇక్కడ మాత్రం తెలుగు తెలిసినవారే సర్వరు నడుపుకునే వీలుంది, ఆ వీలు ఊరికే రాదు. మాస్టొడాన్ అధికారిక జాబితాలోకి ఎక్కాలంటే జాత్యహంకారం వంటివాటిని చురుగ్గా అడ్డుకుంటామని, సర్వరు మూసేయాల్సివస్తే మూడు నెలల ముందే చెబుతామని నిర్వాహకులు మాటివ్వాలి. చేరబోయేవారు ఆ మాట ఎవరిచ్చారో, ఫిర్యాదులు ఎందరు చూస్తున్నారో, వారిలో తెలుగు ఎవరికి వచ్చో ముందే అడగండి. వీలైతే నెలనెలా కొంత చందా ఇవ్వండి, లేదంటే వారానికో గంట ఫిర్యాదులు చూసే పనికి ముందుకు రండి.