గడ్డపుకుంచె

ఈ పూట నేను చెప్పబోవు విషయము విని కొందరు నవ్వవచ్చును. జీవితమంతయు బడిలో తెలుగును సంస్కృతమును చెప్పిన వృద్ధుడు, చెప్పుటకు వేరేమియు లేనట్లు, గడ్డము గీచుకొను కుంచెను గూర్చి ప్రసంగించుటా యని. నవ్వినను మంచిదే. ఈ జానెడైనను లేని వస్తువు మూలమున నా ముఖము మూడు వారములు చెడినది. ఒక పాత స్నేహము కూడ చెడవలసినదే, తృటిలో తప్పినది.

నా చిన్ననాట మా నిడదవోలులో క్షురకుడు ఇంటికే వచ్చెడివాడు. అమరకోశమున క్షురకునకు దివాకీర్తి యను పేరు కలదు. పగటివేళ పిలువబడువాడని అర్థము చెప్పుదురు. మా యింటికి వచ్చెడి ఆయన నిజముగా తెల్లవారగనే వచ్చెడివాడు. అరుగుమీద పీట వేయించి, అడపము విప్పి, గిన్నెలోని నీటితో నాన్నగారి గడ్డమును వ్రేళ్లతో చాలసేపు రుద్దెడివాడు. కుంచె లేదు, సబ్బు కూడ లేదు. పిల్లలమైన మాకు ఆ రుద్దుట వృథాకాలక్షేపముగా తోచెడిది. పనియంతయు అందులోనే యున్నదని నాకు తెలిసినది చాల యేండ్లకు. వెండ్రుక నీరు పీల్చి మెత్తబడును. మెత్తబడిన వెండ్రుక కత్తికి సులువుగ తెగును. ఎండిన గడ్డముమీద కత్తి నడచినచో వెండ్రుకతోపాటు చర్మమును గీచుకొనిపోవును. ఆశ్వలాయన గృహ్యసూత్రములో చౌలమునకు చల్లని నీరును వేడినీరును కలిపి, వెన్నతోగాని పెరుగుతోగాని శిశువు తల తడుపవలెనని విధి యున్నది. మంత్రము సంగతి యటుంచి, నీటి సంగతి మాత్రము మన క్షురకులు ఎరిగినదే.

కుంచె చేయునదియు ఇదియే. నీటిని, సబ్బును కలిపి నురుగుచేసి, ఆ నురుగును వెండ్రుకల మొదళ్లకు అందించును. వ్రేళ్లకు బదులుగా వచ్చిన పనిముట్టు. అంతకుమించి అందు మాయ యేమియు లేదు.

అంగడిలో దొరకు కుంచెలు ముఖ్యముగా నాలుగు తెగలు. పంది వెండ్రుకలవి బిరుసుగ నుండును, వెల తక్కువ. వీటి కొనలు వాడుకలో చీలి, నెల రెండు నెలలలో మెత్తబడును; మొదటి వారమున ముఖమునకు గ్రుచ్చుకొన్నదని పారవేయువారు తొందరపడినవారే. బాడ్జరు అని నేలలో బొరియలు త్రవ్వుకొని బ్రదుకు జంతువు కలదు. దాని వెండ్రుకలు నీటిని బాగుగ పట్టియుంచును గనుక వెల యెక్కువ. ఫ్రెంచివారి భాషలో ఆ జంతువునకును గడ్డపుకుంచెకును ఒకటే పేరు. ఆ వెండ్రుకలు ఇప్పుడు అధికముగా చైనానుండి వచ్చుచున్నవి. మూడవది గుఱ్ఱపు జూలు, తోకల వెండ్రుక. దీనికై గుఱ్ఱమును చంపనక్కరలేదు. నాలుగవది కృత్రిమపు పోగు. ఇది తొందరగా ఆరును, పురుగు పట్టదు.

ఆచారపరులు పంది వెండ్రుక ముఖమునకు తగులరాదందురు. వారు గుఱ్ఱపు వెండ్రుకనో, కృత్రిమపు పోగునో ఎన్నుకొనవచ్చును. జంతువు వెండ్రుక యన్నంతనే మైల యనువారు మాత్రము దేవునికి వీచు చామరము చమరీమృగపు తోక యని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

కొనునప్పుడు కుంచెను అరచేతిపై అదిమి చూడుడు. వంగి, విడిచినంతనే నిలువవలెను. నడుమ ఖాళీ తోచినను, మొదట పట్టుకొని మెల్లగ లాగినప్పుడు నాలుగైదు వెండ్రుకలు ఊడివచ్చినను వద్దనుడు. ఒకటి రెండు రాలుట దోషము కాదు. చెక్కపిడి చూపునకు బాగుండును గాని, నీటిలో నానినచో ఉబ్బి పగులును; నున్నగ పూతపెట్టినదైనచో కొంత మేలు. ఇంటికి తెచ్చిన తోడనే సబ్బుతో రెండుమూడుసార్లు కడుగవలెను. పంది వెండ్రుక కొన్నాళ్లు పశువుల కొట్టమువలె వాసన వేయును. అది క్రమముగ పోవును.

ఇక సంరక్షణ. నా మొదటి కుంచె ఆఱునెలలు కూడ మనలేదు. పని కాగానే శుభ్రముగా కడిగి, దుమ్ము పడకుండ డబ్బాలో పెట్టి మూతవేసెడివాడను. శ్రావణమాసము. గోదావరి ముసురులో అరుగుమీది బట్టలే ఆరవు. మూతవేసిన కుంచె ఆరునా? భాద్రపదము వచ్చునప్పటికి మొదట నల్లబూజు పట్టి, జిగురు వదలి, వెండ్రుకలు గుత్తిగా ఊడి గడ్డమునకు అంటుకొన్నవి. సున్నపుకుంచెను కడిగి చూరున వ్రేలాడదీయుట పాలేరునకు తెలిసినంత నాకు తెలియలేదు!

కావున నులివెచ్చని నీటిలోనే తడుపుడు. మరుగు నీరు జిగురును విడగొట్టును. పంది వెండ్రుకను అయిదు నిమిషములు నాననీయవలెను. తక్కినవానికి అంత అక్కరలేదు. ముఖముపై కొనలతో త్రిప్పవలెను గాని మొదలంట అదిమి రుద్దరాదు. నడుమనున్న వెండ్రుకలు విరిగిపోవును. పని ముగిసిన పిమ్మట సబ్బు పూర్తిగా పోవువరకు కడిగి, పిడికిటిలో నొక్కి నీరు పిండి, మెలిపెట్టక, గట్టిగ విదిలించి గాలి తగులుచోట నుంచవలెను. మా బోరునీటిలో సున్నపు పాలెక్కువ; సబ్బు నురుగక తెల్లని మడ్డియై వెండ్రుకలకు పట్టును. నెలకొకసారి గిన్నెడు నీటిలో చెంచాడు వెనిగరు కలిపి అయిదు నిమిషములు ముంచి కడిగినచో అది విడును. మంగళవారము, ఏకాదశి మొదలగు దినములలో క్షౌరము కూడదను మన నియమమునకు కారణములు వేరుగ నున్నను, ఆ దినములలో కుంచె చక్కగ ఆరుచున్నది.

ఇప్పుడు నా ముఖము చెడిన కథ. ఒక పెండ్లికి పొరుగూరు వెళ్లి, అక్కడి దుకాణమున గడ్డము గీయించుకొంటిని. కత్తికి క్రొత్త బ్లేడు వేసిరి. కుంచె మాత్రము ముందువాని నురుగుతోనే నా ముఖమున కెక్కినది. నాలుగు దినములకు గడ్డమంతయు కురుపులు. వైద్యుడు మందిచ్చి, కుంచె యొక ముఖమునుండి మరియొక ముఖమునకు పోరాదనెను. గాటు పడినచోట నెత్తురంటిన వస్తువు మరింత ప్రమాదము. కాలేయమును చెరచు హెపటైటిస్-బి క్రిమి శరీరము వెలుపల కనీసము ఏడుదినములు బ్రదికియుండగలదు.

అప్పటినుండి మా యూరి దుకాణమునకు నా కుంచెను నేనే తీసికొనిపోవుచుంటిని. ఆ దుకాణదారు నాన్నగారికి గడ్డము గీచిన ఆయన కుమారుడు. మేమిద్దరము ఒకే కాలువలో ఈత నేర్చినవారము. సంచిలోనుండి కుంచె తీయగానే అతని ముఖము వాడినది. "ఏంటండీ మేష్టారూ, నా చేతి మీద అనుమానం వచ్చిందాండీ?" అనెను.

"చేతిమీద కాదోయ్, కుంచెమీద" అని దొమ్మరోగపు కథ చెప్పితిని. పశువులను చంపు దొమ్మ మన కందరకు తెలిసినదే; దాని క్రిమి జీవితచక్రమును 1876లో రాబర్టు కోఖ్ అను జర్మను వైద్యుడు వెల్లడించెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున విషవాయువునుండి కాపాడు ముసుగు ముఖమునకు అంటి కూర్చుండవలెనని సైనికులకు నున్నని గడ్డము విధించి, కుంచెలిచ్చిరి. బాడ్జరు వెండ్రుక దొరకక, సరిగా శుద్ధిచేయని గుఱ్ఱపు వెండ్రుకతో చేసిన కుంచెలు అవి. 1915 మొదలు 1924 వరకు బ్రిటిషు, అమెరికా దేశములవారిలో రెండువందలమందికి పైగా ఆ కుంచెలవలన దొమ్మ సోకినది. జపానునుండి వచ్చు గడ్డపుకుంచెలను 1920లో బ్రిటను నిషేధించెను. దొమ్మక్రిమి బీజము దశాబ్దములు చావదు. తాతగారి పెట్టెలో ఆ కాలపు కుంచె దొరకినచో చూచుకొని దాచుకొనుడు గాని ముఖమునకు తగిలింపకుడు. ఇప్పటి కుంచెల వెండ్రుకను శుద్ధిచేసియే వాడుదురు గనుక క్రొత్తవానికి ఆ భయము లేదు.

అతడు అంతయు విని, "బాగానే ఉందండీ. రోజుకి ఇరవై మంది వస్తారు. ఇరవై బ్రష్షులు నేనెక్కడ తేనండీ?" అనెను. న్యాయమైన ప్రశ్న. నాకు వెంటనే సమాధానము తోచలేదు. కొంచెముసేపటికి, "మీ నాన్నగారు ఏ బ్రష్షుతో రుద్దేవారోయ్?" అని అడిగితిని. అతడు తన చేతివంక చూచుకొని నవ్వెను.

ఇప్పుడా దుకాణమున, కుంచె తెచ్చుకొనని వారికి అతడు చేతులు సబ్బుతో కడుగుకొని వ్రేళ్లతోనే నురుగు పట్టించుచున్నాడు. తండ్రివలెనే చాలసేపు రుద్దుచున్నాడు. తెచ్చుకొన్నవారికై అద్దము ప్రక్కన గాలి తగులు గోడకు మేకులు కొట్టించెను. నా కుంచె మూడవ మేకున నున్నది.